కానుకల లెక్కలో కనిపించని దాతలు

క్రైస్తవ సంఘాలు, విదేశీ నిధులు అన్న మాటలు మన సామాజిక చర్చలో దాదాపు జంట పదాలుగా మారిపోయాయి. పల్లెలో కొత్తగా ఒక ప్రార్థనా మందిరం లేచినా, దళితవాడలో ఒక బాలల వసతిగృహం వెలసినా, తుపాను వచ్చినప్పుడు ఒక పాస్టరు బియ్యం పంచినా మొదట వినిపించే ప్రశ్న ఒకటే: డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ ప్రశ్న అడగడంలో తప్పు లేదు. ప్రజల పేరిట సేకరించిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పవలసిందే. అయితే ఆ ప్రశ్న వెనుక ఒక ముందస్తు నిర్ధారణ దాగి ఉంది. ఇచ్చేవాడు ఎప్పుడూ సముద్రానికి అవతల ఉంటాడనీ, పుచ్చుకునేవాడు మాలపల్లెలోనో మాదిగపల్లెలోనో చేయి చాచి నిలబడి ఉంటాడనీ ఆ నిర్ధారణ. దళిత క్రైస్తవుడు సొంత కష్టార్జితం నుంచి ఇవ్వగలడని, ఇతరులకు పంపగలడని మన సమాజం ఊహించడానికే సిద్ధంగా లేదు. పైగా, అతడు ఇచ్చిన దానిని కాగితం మీద కనిపించకుండా చేసే చట్టం కూడా మన దగ్గర ఉంది. ఈ రెండింటినీ కలిపి చూడనంతవరకు విదేశీ నిధులపై జరిగే చర్చ సగం ఖాతాను చూపి మొత్తం పద్దును తేల్చినట్లే అవుతుంది.

విదేశాలలో మత ప్రచారానికి, సహాయక చర్యలకు చర్చిలు నిధులు సమకూర్చే పద్ధతి ఎలా మొదలైందో ముందుగా చూద్దాం. 1792 అక్టోబర్ 2న ఇంగ్లాండులోని కెట్టరింగ్ పట్టణంలో కొద్దిమంది బాప్టిస్టు బోధకులు ఒక ఇంట్లో సమావేశమై బాప్టిస్టు మిషనరీ సొసైటీని స్థాపించారు. ఆనాడు వారు ఇస్తామని మాట ఇచ్చిన మొత్తం 13 పౌన్ల 2 షిల్లింగుల 6 పెన్సులు. ఆ సొసైటీ తరఫున బెంగాల్‌కు వచ్చిన విలియం కేరీ చెప్పులు కుట్టి బతికినవాడు. రాజు ఖజానా నుంచో, భూస్వాముల దానం నుంచో కాకుండా సామాన్యుల చందాలతో సముద్రాలు దాటే సంస్థను నడపవచ్చునన్న ఆలోచనకు అది ఆరంభం. 1795లో లండన్ మిషనరీ సొసైటీ, 1799లో చర్చి మిషనరీ సొసైటీ అదే బాటలో పుట్టాయి. లండన్ సొసైటీ మనుషులు 1805లోనే విశాఖపట్నంలో అడుగుపెట్టారు. అమెరికాలో 1814లో బాప్టిస్టు సంఘాలు ఒక ఉమ్మడి వ్యవస్థను ఏర్పాటు చేసుకున్నాయి. 1869లో బోస్టన్‌లో ప్రారంభమైన మెథడిస్టు మహిళల సొసైటీ ప్రతి సభ్యురాలినీ కోరినది వారానికి రెండు సెంట్లు, ఒక ప్రార్థన. ఆ మరుసటి దశాబ్దాలలో మన ప్రాంతానికి వచ్చిన మహిళా వైద్యుల జీతాలు, వారి ఆస్పత్రుల ఇటుకలు ఇటువంటి చిల్లర నాణేల నుంచే వచ్చాయి. 1883లో గుంటూరుకు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్‌ను పంపినది లూథరన్ మహిళల సంఘమే.

ఈ వ్యవస్థలో ఒక అసమానత ఆది నుంచీ ఉంది. ఇచ్చేవారు సామాన్యులే అయినా నిర్ణయించేది మాత్రం బోర్డు. బోర్డు బోస్టన్‌లోనో లండన్‌లోనో ఉంటుంది. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల పని 1840లో మొదలైంది. పదమూడేళ్లు గడిచినా ఫలితం కనబడలేదని 1853లో ఆల్బనీ నగరంలో జరిగిన వార్షిక సభ ఆ మిషన్‌ను మూసివేయాలా, కొనసాగించాలా అని తర్జనభర్జన పడింది. పటంలో ఒంటరిగా మిగిలిన ఆ కేంద్రాన్ని ఒంటరి నక్షత్రంగా వర్ణిస్తూ శామ్యూల్ స్మిత్ రాసిన కవిత సభ మనసు మార్చిందని బాప్టిస్టు చరిత్రలు చెబుతాయి. నెల్లూరు ప్రజల భవిష్యత్తు గురించిన ఆ చర్చలో నెల్లూరు మనిషి ఒక్కడూ లేడు. దాత ఎంత మంచివాడైనా, నిర్ణయాధికారం అతడి వద్దే ఉండిపోతే గ్రహీత ఎదుగుదలకు ఒక హద్దు ఏర్పడుతుందన్న సత్యాన్ని ఆ ఘట్టం చెబుతుంది. ఆ కాలపు మిషన్ సిద్ధాంతకర్తలైన హెన్రీ వెన్, రూఫస్ ఆండర్సన్‌లు కూడా దీనిని గుర్తించారు. స్థానిక సంఘాలు తమను తాము పోషించుకోవాలని, పాలించుకోవాలని, విస్తరించుకోవాలని వారు వాదించారు. వాదన అంగీకారం పొందింది. ఆచరణకు మాత్రం వంద సంవత్సరాలు పట్టింది.

విదేశీ సహాయం అనగానే తెలుగు నేలపై మొదట గుర్తుకు వచ్చేది 1876-78 నాటి ధాత కరువు. దక్షిణ భారతంలో యాభై లక్షలకు పైగా ప్రాణాలు తీసిన ఆ కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని వేలాది మందికి పని కల్పించారు. ఆయన కింద పనిచేసిన బోధకులు, వారిలో మాదిగలు, మేస్త్రీలుగా నిలబడి కూలి లెక్కలు చూశారు. అందువల్ల అంటరానివారు దూషణలకు, మోసాలకు భయపడకుండా పనికి రాగలిగారు. ఇక్కడ మరచిపోకూడని విషయం ఒకటుంది. ఆ కూలి ప్రభుత్వ సొమ్ము. శ్రమకు ఇచ్చిన వేతనం. కరువు సాగినంతకాలం క్లౌ బాప్తిస్మాలు నిలిపివేశారు. సహాయక పనులు ముగిశాక, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. గింజల కోసం మతం మారారన్న ఎగతాళి నాటి నుంచి నేటి వరకు ఆ జనాన్ని వెంటాడుతూనే ఉంది. గింజలు ఆగిన తరువాత వచ్చిన జనం గురించి ఆ మాట ఎలా చెల్లుతుందో ఎగతాళి చేసేవారు ఎన్నడూ వివరించలేదు. ఆ ఉద్యమానికి బీజం వేసిన ఎర్రగుంట్ల పేరయ్య కరువుకు పదేళ్ల ముందే, 1866లోనే, క్రైస్తవం స్వీకరించిన మాదిగ తోలు వ్యాపారి. ఆయనను కదిలించినది ఆకలి కాదన్న సంగతిని వర్ణ సమాజం నేటికీ జీర్ణించుకోలేదు.

అదే సమయంలో, అంటరానివారి పేరు చెప్పి సేకరించిన నిధులన్నీ అంటరానివారికే చేరాయా అన్న ప్రశ్నను కూడా నిర్మొహమాటంగా వేయాలి. 1843లో మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ ప్రారంభించిన పాఠశాల బ్రాహ్మణ యువకులను ఆకర్షించడమే ధ్యేయంగా నడిచింది. అక్కడ తొలినాళ్లలో మాల మాదిగ పిల్లలకు ప్రవేశం లేదు. పై కులాలు మారితే కింది కులాలు వాటంతట అవే అనుసరిస్తాయన్న సిద్ధాంతం దీనికి ఆధారం. తరువాతి కాలంలో వెలసిన మిషన్ కళాశాలల్లోనూ అధిక భాగం సీట్లు ఎవరికి దక్కాయో, వాటి నుంచి న్యాయవాదులుగా, అధికారులుగా ఎదిగినది ఏ కులాలో మనకు తెలియనిది కాదు. మతం మారిన దళితుల స్థితిగతులపై రాసిన వ్యాసంలో అంబేడ్కర్ ఈ విషయాన్నే ఎత్తి చూపారు. మిషన్ల విద్యా వైద్య సేవల ప్రయోజనం ప్రధానంగా అగ్రవర్ణ హిందువులకే చేరిందనీ, మతం మారిన అంటరానివాడి లౌకిక జీవితంలో అవి తగినంత మార్పు తేలేదనీ ఆయన విమర్శ. అంటే, అమెరికా గ్రామంలో ఒక కుట్టుపని చేసుకునే స్త్రీ మాదిగపల్లె కోసం ఇచ్చిన రెండు సెంట్లు చాలాసార్లు అగ్రహారపు విద్యార్థి చదువుకు ఉపకరించాయి. విదేశీ నిధులు వద్దని నేడు గొంతెత్తే వర్గాలు, ఆ నిధుల తొలి లబ్ధిదారుల జాబితాలో తమ పూర్వీకుల పేర్లు కూడా ఉంటాయని గుర్తించడం మంచిది.

ఇక చరిత్రలో దాదాపు అట్టడుగున పడిపోయిన రెండో వైపు ఖాతా. 1860 నవంబరులో ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరిన కూలీలను దక్షిణాఫ్రికాలోని డర్బన్ రేవులో దించింది. 1911 వరకు సాగిన ఆ గిర్మిట్ వలసలో లక్షా యాభై వేల మందికి పైగా నేటాల్ చెరకు తోటలకు, తేయాకు తోటలకు, గనులకు చేరారు. వారిలో ఎక్కువ మంది మద్రాసు రేవు నుంచి వెళ్లినవారే. తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారిలో బాప్టిస్టు సంఘాల నుంచి వెళ్లినవారూ ఉన్నారు. తమకు ఒక కాపరిని పంపమన్న వారి అభ్యర్థనకు స్పందించినది బోస్టన్ బోర్డు కాదు. తెలుగు బాప్టిస్టు సంఘాలు తమలో తాము నెలకొల్పుకున్న హోం మిషన్ సొసైటీ. 1903లో ఆ సొసైటీ జాన్ రంగయ్యను కుటుంబంతో సహా నేటాల్‌కు పంపింది. ఆ ఏడాది చివరికే కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. 1914లో ఆయన ఆధ్వర్యంలో నేటాల్ భారతీయ బాప్టిస్టు అసోసియేషన్ రూపుదిద్దుకుంది. మరుసటి ఏడాది ఆయన అక్కడే కన్నుమూశారు.

ఇందులోని సామాజిక అర్థాన్ని తరచి చూడాలి. ఆనాటి తెలుగు బాప్టిస్టులలో అత్యధికులు మాదిగలు. భూమి లేనివారు, చర్మకారులు, పాలేర్లు. ఊరి బావి నీరు ముట్టుకోనివ్వని కాలంలో, కూలిగా దొరికిన గింజలలోంచి, చిల్లర డబ్బులలోంచి వారు ఇచ్చిన కానుకలు ఒక మనిషిని, అతడి కుటుంబాన్ని హిందూ మహాసముద్రం దాటించాయి. పరదేశంలో కూలి చేస్తున్న తమవారికి తోడు పంపాయి. సముద్రం దాటితే కులం పోతుందని సవర్ణ సమాజం ప్రాయశ్చిత్తాలు విధిస్తున్న రోజులలో, కులం వల్ల ఏమీ దక్కనివారు సముద్రానికి అవతల ఒక సంస్థను నిర్మించారు. తెలుగు సమాజం తన స్వచ్ఛంద సంస్థల చరిత్ర రాసుకునేటప్పుడు ఈ సొసైటీకి ఒక అధ్యాయం కేటాయించాలి. మన పాఠ్యపుస్తకాలలో దానికి ఒక వాక్యమైనా లేదు.

ఇది ఒంటరి ఉదాహరణ కూడా కాదు. అదే 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించుకుని, నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని తమ కార్యక్షేత్రంగా ఎంచుకున్నారు. తమిళ నేలపై అవమానాలు అనుభవించిన నాడార్ సమాజంలో పుట్టిన అజరయ్య 1909లో ఆ పనికి వచ్చి, 1912లో డోర్నకల్ బిషప్ అయ్యారు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో ఆయన పాశ్చాత్యులను కోరినది మరిన్ని నిధులను కాదు, స్నేహాన్ని. డోర్నకల్‌లోని పేద మాల మాదిగ సంఘాలకు ఆయన నేర్పినది కూడా ఇవ్వడమే. కూలిడబ్బు నుంచైనా, కోడి గుడ్డు రూపంలోనైనా, ఇచ్చేవాడికే తన సంఘంపై హక్కు ఉంటుందన్నది అందులోని మర్మం. మిజోరంలో స్త్రీలు ప్రతి పూటా వంటకు ముందు ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే సంప్రదాయం 1910లో మొదలైంది. ఆ పిడికెడు బియ్యమే నేడు కోట్ల రూపాయలై, ఇతర రాష్ట్రాలలోనూ విదేశాలలోనూ పనిచేసే మిజో మిషనరీలను పోషిస్తున్నది.

దాత, గ్రహీత అన్నవి శాశ్వత స్థానాలు కావని చెప్పడానికి నల్లగొండ చరిత్ర కూడా సాక్ష్యమిస్తుంది. 1889లో నల్లగొండ ప్రాంతానికి పయనమై వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్‌ను పంపినది రష్యా సామ్రాజ్యంలోని మెన్నొనైట్ రైతులు. నేటి ఉక్రెయిన్‌లో ఉన్న వారి గ్రామాల గోధుమ పంట తెలంగాణ దళితుల మధ్య ఒక మిషన్‌కు ఆధారమైంది. సుమారు మూడు దశాబ్దాలకే అంతర్యుద్ధం, కరువు ఆ గ్రామాలను తుడిచిపెట్టాయి. నిన్నటి దాతలు ఆకలితో అలమటించారు. వారిని ఆదుకోవడానికి అమెరికా మెన్నొనైట్లు 1920లో స్థాపించిన సెంట్రల్ కమిటీయే నేడు ప్రపంచవ్యాప్తంగా సహాయక చర్యలు నిర్వహిస్తున్న సంస్థ.

వర్తమానానికి వస్తే, విదేశీ సహాయ వ్యవస్థ మొత్తం కుదుపునకు లోనైంది. 2025 జనవరిలో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ విదేశీ సహాయాన్ని స్తంభింపజేశారు. జులైకల్లా యూఎస్ఎయిడ్ మూతపడింది. బడ్జెట్‌లో దాదాపు సగానికి ఆ నిధులపైనే ఆధారపడిన కాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ వంటి చర్చి సంస్థలు అనేక దేశాలలో కార్యక్రమాలు నిలిపివేయవలసి వచ్చింది. సంఘ సభ్యుల కానుకకూ, రాజ్యం ఇచ్చే గ్రాంటుకూ ఉన్న తేడా అప్పుడు ప్రపంచానికి తెలిసివచ్చింది. మన దేశంలో ఒత్తిడి మరో దిక్కు నుంచి వచ్చింది. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976లో వచ్చిన విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010లో కొత్త రూపం దాల్చింది. 2020 సవరణ పరిపాలనా వ్యయ పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. ఒక సంస్థ మరో సంస్థకు నిధులు బదలాయించడాన్ని నిషేధించింది. విదేశీ విరాళాలన్నీ ఢిల్లీలోని ఒకే స్టేట్ బ్యాంకు శాఖలో జమ కావాలని ఆదేశించింది. 2017లో కంపాషన్ ఇంటర్నేషనల్ దేశం విడిచి వెళ్లింది. దాని సహాయంతో చదువుకుంటున్న పిల్లలు సుమారు 1,45,000 మంది. 2024లో వరల్డ్ విజన్ ఇండియా లైసెన్సు రద్దయింది. నిధుల బదలాయింపుపై నిషేధం వల్ల ఎక్కువగా దెబ్బతిన్నది ఢిల్లీలో కార్యాలయం పెట్టుకోగల పెద్ద సంస్థలు కావు. మండల కేంద్రాలలో దళితులు నడుపుకుంటున్న చిన్న సంస్థలు.

ఈ చట్టంలోనే ఒక ఆసక్తికరమైన గీత ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కాదు. కువైట్‌లో ఇంటిపని చేస్తున్న కడప జిల్లా స్త్రీ, ఎడారి రోడ్లపై లారీ నడుపుతున్న గోదావరి యువకుడు తమ ఊరి మందిరానికి పంపే రూపాయలు చట్టం దృష్టిలో స్వదేశీ సొమ్మే. కువైట్ నగరంలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో కూడే తెలుగు సంఘం ఒకనాటి కియర్స్నీ తోట సంఘానికి వారసురాలు. నూరేళ్ల క్రితం ఊరు నుంచి వలస తోటకు కానుక వెళ్లింది. నేడు వలస భూమి నుంచి ఊరికి వస్తున్నది. రెండింటిలోనూ ఇచ్చినది కూలి చేసుకునే చేయే.

అయినా ఆ చేయి లెక్కలోకి ఎందుకు రావడం లేదు? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా దీనికి సమాధానం. హిందువులకు మాత్రమే షెడ్యూల్డు కుల హోదా అని నిర్దేశించిన ఆ పేరాను 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు, ముస్లింలకు సడలించలేదు. 1985లో సూసై కేసులో, మద్రాసులో చెప్పులు కుట్టుకుని బతికే ఒక క్రైస్తవుడు తనకూ ప్రభుత్వ బంకు కావాలని అడిగితే సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 2024 నవంబర్ 26న పుదుచ్చేరి నుంచి వచ్చిన మరో కేసులో, బాప్తిస్మం పొంది క్రైస్తవ ఆచరణలో ఉంటూ ఉద్యోగం కోసం ఎస్సీ హోదా కోరడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని తేల్చింది. ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసును 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇదే తర్కంతో కొట్టివేసింది. తెలుగు రాష్ట్రాలలో దళిత క్రైస్తవులకు మిగిలినది బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్. 2011 జనగణన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1.34 శాతమే అని చెప్పింది. ఆదివారం నాడు ఏ దళితవాడకు వెళ్లినా ఆ అంకె ఎంత అసంపూర్ణమో అర్థమవుతుంది.

ఇటువంటి స్థితిలో సంఘపు పుస్తకంలో తన పేరుతో కానుక రాయించుకోవడమంటే, పిల్లల కులధ్రువీకరణ పత్రానికి వ్యతిరేకంగా సాక్ష్యం సిద్ధం చేసుకోవడమే. బాప్తిస్మపు రిజిస్టరు న్యాయస్థానంలో సాక్ష్యమైనప్పుడు చందా రసీదు ఎందుకు కాకూడదు? అందువల్ల దళిత క్రైస్తవుడి కానుక పేరు లేని కవరుగా, పిడికెడు బియ్యంగా, సంచిలో పడే నోటుగా మిగిలిపోతుంది. విదేశీ విరాళం మాత్రం ప్రతి పైసా ప్రభుత్వ రికార్డులలో నమోదవుతుంది. ఒక రాజ్య నిబంధన స్వదేశీ దాతను దాచమంటుంది, మరొకటి విదేశీ దాతను చూపమంటుంది. చివరకు చర్చి విదేశీ సొమ్ముతోనే నడుస్తున్నదని అదే రాజ్యం, దాని వంతపాటగాళ్లు తీర్పు చెబుతారు.

సంఘాల లోపలి వ్యవహారాన్ని కూడా ఈ సందర్భంలో దాటవేయలేం. కానుక ఇచ్చేవాడి పేరు లేకపోవడం, లెక్క చెప్పని నాయకత్వానికి అనుకూలంగా మారింది. మిషన్ బోర్డులు వెళ్లిపోతూ అప్పగించిన స్థలాలు, ఆస్పత్రులు, బడులు ఎందరి చేతులు మారాయో, ఎన్ని వ్యాజ్యాలలో చిక్కుకున్నాయో ప్రతి జిల్లా కేంద్రానికీ తెలుసు. కొన్ని చోట్ల మాల, మాదిగ వైరంగా మారిన పదవుల పోరు, మరికొన్ని చోట్ల కుటుంబ వారసత్వంగా మారిన స్వతంత్ర సంస్థలు విశ్వాసుల కష్టార్జితాన్ని హరిస్తున్నాయి. కాథలిక్ సంఘంలో ఆధిపత్య కులాల పీఠాధిపత్యం దీర్ఘకాలం సాగింది. 2022లో హైదరాబాద్ ఆర్చ్‌బిషప్ పూల ఆంథోనీ కార్డినల్ అయ్యేవరకు ప్రపంచంలో ఒక్క దళిత కార్డినల్ కూడా లేరు. పిడికెడు బియ్యం తీసే స్త్రీకి ఆ బియ్యం లెక్క అడిగే స్థానం చాలా సంఘాలలో నేటికీ లేదు. ఒకనాటి బోస్టన్ బోర్డు స్థానంలో ఊరి బోర్డు కూర్చుంటే సరిపోదు. ఇచ్చినవారు ఆ బోర్డులో కూర్చోవాలి.

కాబట్టి డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది అన్న ప్రశ్నను మనం తప్పించుకోనక్కరలేదు. దానికి పూర్తి జవాబు వచ్చే పరిస్థితిని కల్పించాలి. ప్రతి సంఘం తన వార్షిక జమాఖర్చులను సభ్యుల ఎదుట చదవాలి. ఆస్తులను పర్యవేక్షించే ట్రస్టులలో దళితులకు, అందులోనూ స్త్రీలకు నిర్ణయాధికారం దక్కాలి. నెల్లూరు, రామపట్నం, ఒంగోలు, డోర్నకల్ కేంద్రాలలో మిగిలిన హోం మిషన్ల పాత పద్దు పుస్తకాలను చెదలు తినేలోగా మన విశ్వవిద్యాలయాలు భద్రపరచాలి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా కల్పించాలని 2023లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానించింది. ఈ అంశంపై 2022లో నియమించిన జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ గడువులు పొడిగింపులతోనే సాగాయి. మూడో పేరాను తొలగించడం రిజర్వేషన్లకు మాత్రమే సంబంధించిన డిమాండు కాదు. తాను ఎవరో చెప్పుకుని, తాను ఇచ్చినది తన పేరు మీద రాయించుకునే పౌరహక్కుకు సంబంధించినది. 1903లో అంటరానివారు తమ కానుకతో ఒక మనిషిని నేటాల్‌కు పంపి, సొసైటీ పేరిట లెక్క రాసుకున్నారు. స్వతంత్ర భారతంలో వారి మునిమనవలు అంత ధైర్యంగా సంతకం చేయలేకపోతున్నారంటే, లెక్క చెప్పవలసినది ఎవరు?